కెండ్రిక్ లమార్: కాంప్టన్ కుర్రాడి కథపై తరచుగా అడిగే ప్రశ్నలు

2025 ఫిబ్రవరి 9న న్యూ ఆర్లీన్స్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ మ్యాచ్ సూపర్ బౌల్ జరిగింది. ఆట విరామంలో పాడింది కెండ్రిక్ లమార్. ఆ వేదిక మీద ఒక ర్యాపర్ ఒంటరిగా ప్రధాన కళాకారుడు కావడం అదే మొదటిసారి. ఆ తర్వాత నాకు తెలిసిన చాలామంది ఒకే మాట అడిగారు: ఇంత పేరు ఇతనికి ఒక్కసారిగా ఎలా వచ్చింది?

ఒక్కసారిగా రాలేదు. మొదటి టేపు బయటికి వచ్చేసరికి అతనికి 16 ఏళ్లు. దేశమంతా పేరు మారుమోగేసరికి 25. ఆ మధ్య తొమ్మిదేళ్లు అతన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఆ తొమ్మిదేళ్లే. అందుకే ఈ పేజీలో బాల్యం గురించి, ఆ ఎదురుచూపు గురించి ఎక్కువ రాశాను. తర్వాత వచ్చిన అవార్డుల గురించి తక్కువ రాశాను.

అసలు పేరు ఏమిటి? ఎప్పుడు, ఎక్కడ పుట్టాడు?

పూర్తి పేరు కెండ్రిక్ లమార్ డక్‌వర్త్. 1987 జూన్ 17న కాలిఫోర్నియాలోని కాంప్టన్‌లో పుట్టాడు. ఒకప్పుడు ఎంతో పేరున్న 'ది టెంప్టేషన్స్' బృందంలో ఎడ్డీ కెండ్రిక్స్ అనే గాయకుడు ఉండేవాడు. ఆయన మీద అభిమానంతో అమ్మ ఈ పేరు పెట్టింది. తర్వాత అతను ఇంటిపేరు వదిలేసి మొదటి రెండు పేర్లతోనే పాటలు పాడాడు. వదిలేసిన ఆ ఇంటిపేరు 2017లో ఒక పాటకు పేరై తిరిగి వచ్చింది. ఆ కథ కింద ఉంది.

కాంప్టన్ అంటే ఏమిటి? ఆ పేరు వినగానే అమెరికాలో జనం ఎందుకు ఉలిక్కిపడతారు?

లాస్ ఏంజెలెస్‌కు దక్షిణాన ఉన్న చిన్న నగరం. జనాభా లక్షలోపే. ఆ కౌంటీకి దాదాపు నడిమధ్యన ఉంటుంది కాబట్టి 'హబ్ సిటీ' అని కూడా అంటారు.

ఒకప్పుడు అక్కడ నల్లవాళ్లకు ఇళ్లు అమ్మేవాళ్లు కాదు. ఇళ్ల దస్తావేజుల్లోనే అలాంటి షరతులు రాసేవాళ్లు. ఆ షరతులు కోర్టుల ద్వారా అమలు కావడానికి వీల్లేదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పాక, 1950లలో నల్లజాతి కుటుంబాలు అక్కడ ఇళ్లు కొనుక్కోవడం మొదలుపెట్టాయి. 1965లో పక్కనే ఉన్న వాట్స్‌లో అల్లర్లు జరిగాక తెల్లవాళ్లు ఊరు ఖాళీ చేశారు. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 1980లలో క్రాక్ అనే చవక మాదకద్రవ్యం ఊరిని ముంచేసింది. ఎరుపు రంగు బ్లడ్స్, నీలం రంగు క్రిప్స్ అనే గ్యాంగుల మధ్య ఏ వీధి ఎవరిదో చూసుకుని నడవాల్సిన పరిస్థితి వచ్చింది. 1988లో ఎన్.డబ్ల్యూ.ఏ అనే ర్యాప్ బృందం తమ ఆల్బంతో ఈ ఊరి పేరును ప్రపంచమంతటికీ వినిపించింది. ఆ బృందంలో ఒకడు డాక్టర్ డ్రే. ఆ పేరు గుర్తుంచుకోండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. టెన్నిస్ అక్కచెల్లెళ్లు వీనస్, సెరెనా విలియమ్స్ ఆడటం నేర్చుకున్నది ఇదే కాంప్టన్ కోర్టుల్లో. ఊరు మొత్తాన్ని తుపాకీ శబ్దంగా మాత్రమే చూసేవాళ్లకు ఈ సంగతి చెబుతూ ఉంటాను.

అతని తల్లిదండ్రులు అక్కడికి ఎలా వచ్చారు?

వాళ్లది చికాగో దక్షిణ భాగం. నాన్న కెన్నీ డక్‌వర్త్‌కు అక్కడి ఒక గ్యాంగుతో సంబంధాలు ఉండేవి. అమ్మ పౌలా ఒక రోజు తేల్చి చెప్పేసింది: ఆ స్నేహాలు మానకపోతే నాతో నీకు పని లేదు అని. 1984లో ఇద్దరూ చేతిలో 500 డాలర్లతో, చెత్త సంచుల్లో బట్టలు కుక్కుకుని కాలిఫోర్నియా వచ్చేశారు. మొదట్లో కారులో పడుకున్నారు, చవక మోటళ్లలో తలదాచుకున్నారు. అమ్మకు మెక్‌డొనాల్డ్స్‌లో పని దొరికింది. నాన్న కేఎఫ్‌సీలో చేరాడు.

గ్యాంగుల నుంచి తప్పించుకోవాలని రెండు వేల మైళ్లు వచ్చి కాంప్టన్‌లో దిగారన్నమాట. మూడేళ్లకు కెండ్రిక్ పుట్టాడు. ఇంటి అద్దెకు ప్రభుత్వ సాయం, తిండికి ఫుడ్ స్టాంపులు. కానీ ఆ ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరూ ఉన్నారు. తన స్నేహితుల్లో చాలామందికి నాన్న ఇంట్లో లేడని, తనకు ఉన్నాడని, ఆ తేడా తన జీవితాన్ని మార్చిందని కెండ్రిక్ ఎన్నోసార్లు చెప్పాడు.

చిన్నప్పుడు ఎలాంటి పిల్లాడు?

మాట్లాడని పిల్లాడు. కొంతకాలం నత్తి కూడా ఉండేది. మాటలో పట్టుబడని పదాలను రాతలో పట్టుకోవడం నేర్చుకున్నాడేమో అనిపిస్తుంది నాకు. వయసుకు మించిన పెద్దరికం చూసి ఇంట్లో వాళ్లు 'మ్యాన్ మ్యాన్' అని పిలిచేవాళ్లు. ఇంట్లో తరచూ పార్టీలు జరిగేవి, పాత సోల్ పాటలు, గ్యాంగ్‌స్టర్ ర్యాప్ గట్టిగా మోగేవి. మామయ్యలు, బాబాయిలు, వాళ్ల గ్లాసులు, వాళ్ల గొడవలు. వీడు ఒక మూల నుంచి అన్నీ చూసేవాడు. నలుగురు పిల్లల్లో పెద్దవాడు కావడంతో మొదట్లో కొన్నేళ్లు ఒంటరిగానే పెరిగాడు.

ఆ చూడటమే అతని ప్రతిభకు మూలమని నా నమ్మకం. అతని పాటల్లో 'నేను చేశాను' కన్నా 'నేను చూశాను' ఎక్కువ వినిపిస్తుంది.

ఐదేళ్ల వయసులోనే హత్యను చూశాడంటారు. నిజమేనా?

నిజం. తమ అపార్ట్‌మెంట్ బయట మత్తుమందు అమ్మే ఒక కుర్రాడిని కాల్చి చంపడం చూశానని అతనే చెప్పాడు. ఎనిమిదేళ్లప్పుడు బడి నుంచి నడిచి వస్తుంటే ఒక బర్గర్ దుకాణం దగ్గర ఇంకొకరిని కాల్చడం చూశాడు.

ఐదో ఏడు నిండటానికి కొద్ది వారాల ముందు, 1992 ఏప్రిల్ 29న, లాస్ ఏంజెలెస్‌లో అల్లర్లు మొదలయ్యాయి. రాడ్నీ కింగ్ అనే నల్లజాతి వ్యక్తిని చితకబాదిన పోలీసులను కోర్టు వదిలేసిన రోజు అది. నాన్నతో కారులో వెళ్తుంటే వీధుల్లో పొగ, పరిగెత్తే జనం, దుకాణాల నుంచి సామాన్లు మోసుకెళ్లేవాళ్లు కనిపించారని గుర్తు చేసుకున్నాడు. ఒక పసివాడు ఇవన్నీ చూసి మామూలుగా ఎలా పెరుగుతాడు అని అడిగితే, మామూలుగా పెరగలేదనే జవాబు. ఆ భయం, అలవాటైపోయిన ఆ మొద్దుబారినతనం రెండూ అతని పాటల్లో ఉన్నాయి. 2022లో వచ్చిన ఆల్బంలో థెరపిస్టు దగ్గరికి వెళ్లడం గురించి కూడా దాచకుండా పాడాడు.

టుపాక్‌ను కళ్లారా చూశాడా?

చూశాడు. 1995 చివర్లో అప్పటి పెద్ద ర్యాపర్ టుపాక్, డాక్టర్ డ్రే కలిసి 'కాలిఫోర్నియా లవ్' వీడియో షూటింగ్ కోసం కాంప్టన్‌లోని ఒక పెద్ద బజారు ప్రాంగణానికి వచ్చారు. సంగతి తెలిసి నాన్న పరుగున వచ్చి కొడుకును తీసుకెళ్లి భుజాల మీద ఎక్కించుకున్నాడు. ఎనిమిదేళ్ల కెండ్రిక్ అక్కడి నుంచి చూశాడు. జాతరలో రథం మీది దేవుడిని చూపించడానికి మన నాన్నలు ఎత్తుకుంటారే, అలాగన్నమాట. మరుసటి ఏడాది సెప్టెంబరులో టుపాక్ హత్యకు గురయ్యాడు. 2015లో వచ్చిన 'టు పింప్ ఎ బటర్‌ఫ్లై' ఆల్బం చివర, టుపాక్ పాత ఇంటర్వ్యూ గొంతును తీసుకుని, తాను ప్రశ్నలు అడుగుతున్నట్టు కూర్చి, కెండ్రిక్ అతనితో మాట్లాడాడు. చివరి ప్రశ్నకు జవాబు రాదు. ఎన్నిసార్లు విన్నా అక్కడ గొంతు పట్టేస్తుంది.

రాయడం ఎవరు నేర్పారు?

ఏడో తరగతిలో ఇంగ్లీషు మాస్టారు. పిల్లల మధ్య జాతుల గొడవలతో తరగతి ఉద్రిక్తంగా ఉండేది. ఆ మాస్టారు కవిత్వం రాయించడం మొదలుపెట్టారు. మనసులో ఉన్నది కాగితం మీద పెట్టండి అన్నారు. ఈ పిల్లాడికి ప్రాస, రూపకం, ఒక మాటకు రెండర్థాలు పట్టుబడ్డాయి. ఇంట్లో హోంవర్క్ బదులు ఏవో రాసుకుంటున్నాడని తల్లిదండ్రులు గమనించారు. చూస్తే నిండా బూతులున్న ర్యాప్ లిరిక్స్.

చదువులో మాత్రం ముందుండేవాడు. మంచి మార్కులతో 2005లో సెంటెనియల్ హైస్కూల్ పూర్తి చేశాడు. డాక్టర్ డ్రే కూడా కొంతకాలం చదివిన స్కూలే అది.

అతను గ్యాంగులో ఉన్నాడా?

సభ్యుడిగా చేరలేదు. కానీ చుట్టూ ఉన్న స్నేహితులు, బంధువులు అందులోనే ఉన్నారు. వాళ్లతో తిరిగాడు, తప్పులు చేశాడు, వాటిని తన పాటల్లో ఒప్పుకున్నాడు. స్నేహితులతో కారెక్కి ఒక ఇంట్లో దొంగతనానికి వెళ్లిన రాత్రి గురించి 'ది ఆర్ట్ ఆఫ్ పీర్ ప్రెషర్' అనే పాట ఉంది. ఒంటరిగా ఉంటే నేను ఇలాంటివాడిని కాదు, వీళ్లతో ఉంటే ఇలా అవుతాను అన్నది దాని సారాంశం. పదహారేళ్ల కుర్రాళ్ల మనసు గురించి ఇంత నిజాయితీగా చెప్పిన పాట నేను ఇంకొకటి వినలేదు. అక్కడి చాలామంది ర్యాపర్లు తాము ఎంత ప్రమాదకరమైనవాళ్లమో చెప్పుకున్నారు. ఇతను తాను ఎంత భయపడ్డాడో చెప్పాడు.

మందు, సిగరెట్ ముట్టడంటారు?

టీనేజీలోనే మానేశాడు. ఇంట్లో మందు ఏం చేసిందో చూశాడు. ఒకసారి స్నేహితులు ఇచ్చిన గంజాయి సిగరెట్‌లో ఇంకేదో కలిపి ఉండటంతో నోటి నుంచి నురగ వచ్చిందని, ఆ తర్వాత పొగ ముట్టలేదని చెప్పాడు.

'కె.డాట్' ఎవరు?

అతనే. కుర్రాడిగా ఉన్నప్పుడు పెట్టుకున్న ర్యాప్ పేరు. 2003లో, 16వ ఏట, ఆ పేరుతోనే మొదటి మిక్స్‌టేప్ తెచ్చాడు.

మిక్స్‌టేప్ అంటే?

కంపెనీ విడుదల చేసే ఆల్బం కాదు. చాలావరకు వేరేవాళ్ల బీట్ల మీద, అంటే పాట వెనక మోగే సంగీతం మీద, తన మాటలు పాడి, ఉచితంగా పంచిపెట్టే రికార్డు. కొత్త ర్యాపర్‌కు అది విజిటింగ్ కార్డు లాంటిది.

రికార్డు కంపెనీ కంట్లో ఎలా పడ్డాడు?

దీని వెనక డేవ్ ఫ్రీ అనే స్నేహితుడు ఉన్నాడు. హైస్కూలు రోజుల నుంచి పరిచయం. డేవ్‌కు డీజే పని, కంప్యూటర్లు బాగుచేసే పని తెలుసు. కాంప్టన్ పక్కనే ఉన్న కార్సన్‌లో ఆంథోనీ టిఫిత్ అనే ఆయన తన ఇంటి వెనక స్టూడియో కట్టుకుని, 2004లో టాప్ డాగ్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే చిన్న కంపెనీ పెట్టాడు. ఆయనను అందరూ టాప్ డాగ్ అనే పిలుస్తారు. ఆయన కంప్యూటర్ పాడైతే బాగుచేయడానికి డేవ్ వెళ్లాడు. పని చేస్తున్నట్టు నటిస్తూ పక్కన కెండ్రిక్ టేపు పెట్టి వినిపించాడు.

టాప్ డాగ్ కుర్రాడిని పిలిపించి బూత్‌లో నిలబెట్టాడు. కావాలనే రెట్టింపు వేగంతో ఉన్న బీట్ పెట్టాడు, తడబడతాడేమో చూద్దామని. కుర్రాడు ఆశువుగా అందుకున్నాడు. టాప్ డాగ్ లోపల ఆశ్చర్యపోతూనే, పైకి పట్టించుకోనట్టు కూర్చున్నాడు. ఆయన కదలడం లేదని చూసి కుర్రాడు ఇంకా రెచ్చిపోయాడు. ఇద్దరూ ఈ కథను నవ్వుతూ చెప్పుకున్నారు.

అవధానం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. పద్యం నడుస్తుండగా అప్రస్తుత ప్రసంగి ఏదో అడిగి ఏకాగ్రత చెడగొట్టాలని చూస్తాడు. అవధాని అతనికి జవాబు చెబుతూనే పాదం పూర్తి చేస్తాడు. ఆ స్టూడియోలో జరిగింది అలాంటి పరీక్షే. ర్యాప్ అంటే అరుపులు అనుకునే మన పెద్దవాళ్లకు నేను ఈ పోలికే చెబుతాను.

కేఎఫ్‌సీ కథ నిజంగా జరిగిందా? సినిమా కథలా ఉంది.

జరిగింది. ఇందులో ఉన్నవాళ్లే ధ్రువీకరించారు.

టాప్ డాగ్ కంపెనీ పెట్టకముందు వాట్స్ ప్రాంతంలో నేరాల్లో ఉన్న మనిషి. కెన్నీ డక్‌వర్త్ పనిచేసే కేఎఫ్‌సీ మీద అతని కన్ను పడింది. దాన్ని అంతకుముందు ఒకసారి దోచుకున్న ఘటన కెన్నీకి తెలుసు. మనిషి ఎవరో, ఎందుకు వస్తున్నాడో అర్థమై, వచ్చినప్పుడల్లా డబ్బు తీసుకోకుండా చికెన్ ఇచ్చేవాడు, పైన రెండు బిస్కెట్లు ఎక్కువ వేసేవాడు. ఇక్కడ బిస్కెట్ అంటే మనం టీలో ముంచుకునేది కాదు, అమెరికా దక్షిణాది మెత్తటి రొట్టె. ఆ మర్యాద నచ్చి, దోపిడీ రోజున టాప్ డాగ్ కెన్నీ జోలికి వెళ్లలేదు.

దాదాపు ఇరవై ఏళ్లు గడిచాయి. కెండ్రిక్ ఆ స్టూడియోలో పాడుతున్నాడు. కొడుకు ఎవరి దగ్గర పనిచేస్తున్నాడో తెలిసి, ఒక రోజు స్టూడియోకు వచ్చిన నాన్న నివ్వెరపోయాడు. ఈ కథనే 2017లో 'డ్యామ్' ఆల్బంలో చివరి పాటగా పెట్టాడు. పేరు 'డక్‌వర్త్'. ఆ రోజు ఆ తుపాకీ పేలి ఉంటే టాప్ డాగ్ జైల్లో ఉండేవాడు, నేను తండ్రి లేకుండా పెరిగి ఏ తుపాకీ గొడవలోనో చచ్చిపోయేవాడిని అన్న ఆలోచనతో అది ముగుస్తుంది.

2003 నుంచి 2009 దాకా మరి ఏం చేశాడు?

పనిచేశాడు, అంతే. ఆ కంపెనీలో మొదటి ఆశ జే రాక్ మీద ఉండేది. పెద్ద కంపెనీతో ఒప్పందం దక్కింది కూడా అతనికే. కెండ్రిక్ అతని వెనక నిలబడి వాక్యాల చివరి మాటలు గట్టిగా అందించే హైప్‌మ్యాన్‌గా స్టేజీ ఎక్కేవాడు. జే రాక్, యాబ్ సోల్, స్కూల్‌బాయ్ క్యూ, కెండ్రిక్ నలుగురూ ఆ కార్సన్ స్టూడియోలోనే రాత్రీ పగలూ గడిపారు. తర్వాత 'బ్లాక్ హిప్పీ' అనే బృందం అయ్యారు.

2005లో ఒక టేపు, 2007లో జే రాక్‌తో కలిసి ఒకటి, 2009 జనవరిలో ఇంకొకటి. ఈ చివరిది లిల్ వేన్ అనే ర్యాపర్ బీట్ల మీద, లిల్ వేన్ మీద అభిమానంతో చేసింది. వింటే ప్రతిభ తెలుస్తుంది, కానీ గొంతు ఇంకా తనది కాదు. ఎవరో ఒకరి నీడ పడుతూనే ఉంటుంది. నేర్చుకుంటున్న ప్రతివాడూ ఆ దశ దాటాలి. ఇతను దానికి ఆరేళ్లు తీసుకున్నాడు.

పేరు ఎందుకు మార్చుకున్నాడు?

నా దృష్టిలో అసలు మలుపు ఇదే. కె.డాట్‌గా ఉన్నప్పుడు తాను ఎంత బాగా ర్యాప్ చేయగలడో నిరూపించుకోవడమే పని. తన కథ తాను చెప్పాలంటే తన పేరుతోనే చెప్పాలని నిర్ణయించుకున్నాడు. 2009 డిసెంబరు 31న వచ్చిన టేపుకు 'కెండ్రిక్ లమార్' అనే పేరు పెట్టాడు. అమ్మ, నాన్న, దేవుడు, భయం, డబ్బు లేకపోవడం, అన్నీ అక్కడి నుంచి పాటల్లోకి వచ్చాయి.

డాక్టర్ డ్రే ఎలా దొరికాడు?

2010లో 'ఓవర్లీ డెడికేటెడ్' అనే టేపు వచ్చింది. అందులో ఒక పాట వీడియో యూట్యూబ్‌లో ఉంది. ర్యాపర్ ఎమినెమ్ మేనేజర్ పాల్ రోజెన్‌బర్గ్ ఈ కుర్రాడి సంగతి డ్రేకు చెప్పాడు. డ్రే వీడియో చూసి కబురు పెట్టాడు. కెండ్రిక్ అప్పుడు జే రాక్‌తో కలిసి టెక్ నైన్ అనే ర్యాపర్ టూర్‌లో ఊరూరా తిరుగుతున్నాడు. చిల్లీస్ అనే హోటల్లో తింటుంటే ఫోన్ వచ్చింది. మొదట ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నారు. అతను పెరిగిన ఊరు, చదివిన స్కూలు, నాన్న భుజాల మీద నుంచి చూసిన మనిషి, ఇప్పుడు ఫోన్ చేసిన మనిషి, అన్నీ ఒకే గీత మీద ఉన్నాయి చూడండి.

డ్రే పిలిచాక కూడా వెంటనే స్టార్ కాలేదు. మధ్యలో ఇంకా రెండేళ్లు ఉన్నాయి.

'సెక్షన్.80' అన్న పేరుకు అర్థం?

పేదల ఇంటి అద్దెకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 'సెక్షన్ 8' అంటారు. అందులో పెరిగినవాళ్లు, 1980లలో పుట్టినవాళ్లు, రెండూ కలిపి ఆ పేరు. క్రాక్ కాలంలో పుట్టిన తరం కథ. 2011 జూలై 2న పెద్ద కంపెనీ అండ లేకుండా ఇంటర్నెట్‌లో విడుదలైంది. మొదటి వారం అమ్ముడైంది సుమారు 5 వేల కాపీలు. సంఖ్య చిన్నదే, కానీ విన్న ప్రతివాడూ పది మందికి చెప్పాడు. ఒంటిని అమ్ముకునే పదిహేడేళ్ల అమ్మాయి గురించి అందులో ఒక పాట ఉంది. దాన్ని తన 11 ఏళ్ల చెల్లెలికి వినిపించానని ఆ పాట చివర్లోనే చెబుతాడు. ఆ ఏడాది ఆగస్టులో లాస్ ఏంజెలెస్ కచేరీలో స్నూప్ డాగ్, ది గేమ్ వంటి పెద్ద ర్యాపర్లు వేదిక ఎక్కి, ఇక పశ్చిమ తీరం ర్యాప్ నీదే అని అందరి ముందూ చెప్పారు. కుర్రాడు ఏడ్చేశాడు.

'గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ' అంత గొప్పదని ఎందుకంటారు?

2012 మార్చిలో డ్రే కంపెనీ ఆఫ్టర్‌మాత్, ఇంటర్‌స్కోప్‌లతో ఒప్పందం కుదిరింది. అక్టోబరు 22న ఈ ఆల్బం వచ్చింది. మొదటి వారం 2,42,000 కాపీలు. అమెరికాలో ఆల్బంల అమ్మకాలను లెక్కగట్టే బిల్‌బోర్డ్ జాబితాలో రెండో స్థానం. అదే రోజు టేలర్ స్విఫ్ట్ 'రెడ్' కూడా విడుదలైంది, మొదటి స్థానం దానిది. ఏడాది క్రితం 5 వేలు, ఇప్పుడు రెండున్నర లక్షలకు దగ్గర. జనం 'ఒక్కసారిగా' అనేది ఈ దూకుడును చూసే.

అట్ట మీద ఒక పాత పోలరాయిడ్ ఫోటో ఉంటుంది. ఒళ్లో పసివాడు కెండ్రిక్, చుట్టూ ఇంటి మగవాళ్లు. పెద్దవాళ్ల కళ్లకు నల్ల గీతలు, పసివాడి కళ్లు మాత్రం తెరిచి ఉన్నాయి. బల్ల మీద పాలసీసా, పక్కన బీరు సీసా. ఆల్బం చెప్పేదంతా ఆ ఫోటోలో ఉంది.

అట్ట మీదే 'కెండ్రిక్ లమార్ తీసిన ఒక లఘుచిత్రం' అని రాసి ఉంటుంది. అలంకారానికి రాసింది కాదు. కథ ఇలా నడుస్తుంది: కుర్రాడు అమ్మ వ్యాన్ తీసుకుని షెరేన్ అనే అమ్మాయిని కలవడానికి వెళ్తాడు. ఆమె ఇంటి ముందు ఇద్దరు ఎదురవుతారు. సరిగ్గా అప్పుడు అమ్మ ఫోన్. కథ వెనక్కి వెళ్తుంది, ముందుకు వస్తుంది, ఒక స్నేహితుడు తుపాకీకి బలవుతాడు. పగ తీర్చుకుందామని ఊగిపోతున్న కుర్రాళ్లను పార్కింగ్ స్థలంలో ఒక పెద్దావిడ ఆపి ప్రార్థన చేయిస్తుంది. పాటల మధ్య అమ్మా నాన్నల వాయిస్‌మెయిళ్లు వస్తాయి. అమ్మ వ్యాన్ తెమ్మంటుంది, నాన్నకు తన డామినోల ఆట సంగతే కావాలి. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు, కథ బరువెక్కినప్పుడు ఒకరు నవ్విస్తారు, ఒకరు అసలు మాట గుర్తుచేస్తారు. నాకు ఈ ఆల్బం మొదటిసారి అర్థమైన రోజు గుర్తొచ్చింది అదే. కథకుడు ఒక్కడే, గొంతులు ఎన్నో.

పన్నెండు నిమిషాల 'సింగ్ అబౌట్ మీ' పాట దగ్గర మాత్రం ఆగండి. మొదటి చరణం చనిపోయిన స్నేహితుడి తమ్ముడి గొంతులో. ఆల్బం వచ్చేలోపు నేను పోతే నా గురించి కూడా చెప్పు అనబోతాడు, మాట పూర్తి కాకుండానే తుపాకీ మోగుతుంది. రెండో చరణం పైన చెప్పిన పదిహేడేళ్ల అమ్మాయి చెల్లెలిది. మా అక్క బతుకును పాటగా చేయడానికి నువ్వెవరు అని నిలదీస్తుంది. తన పాటనే తప్పుపట్టే మనిషికి తన ఆల్బంలో చోటిచ్చి, ఆమె చేతే మాట్లాడించాడు. రాసేవాళ్లెవరైనా ఇక్కడ నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

ఈ ఆల్బం డ్రే చేసిందేనా?

పెద్దరికం, మిక్సింగ్, 'కాంప్టన్' పాటలో గొంతు డ్రేవి. బీట్లలో చాలావరకు సౌన్‌వేవ్ లాంటి సొంత బృందంవాళ్లు, ఫారెల్, హిట్-బాయ్, టి-మైనస్, జస్ట్ బ్లేజ్ వంటివాళ్లు చేశారు. డ్రే పేరు మీద నెగ్గాడనడం సరికాదు.

'స్విమ్మింగ్ పూల్స్' మందు పాట కదా?

పార్టీల్లో అలాగే వాడారు, హిట్ అయిందీ అలాగే. శ్రద్ధగా వింటే అది మందుకు వ్యతిరేకంగా రాసిన పాట. తాతయ్య సీసాలతో మొదలవుతుంది, మధ్యలో మనస్సాక్షి గొంతు మార్చి మాట్లాడుతుంది.

మొదటి గ్రామీ ఎప్పుడు వచ్చింది?

2014లో ఏడు నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ గెలవలేదు. ఉత్తమ ర్యాప్ ఆల్బం మెకల్‌మోర్, రయన్ లూయిస్‌లకు వెళ్లింది. ఇది నీకు రావాల్సింది అని మెకల్‌మోరే మెసేజ్ పంపి, దాన్ని బయటపెట్టాడు. నా మటుకు ఆ రాత్రి గ్రామీ వాళ్లు పొరపాటు చేశారు. మొదటివి మరుసటి ఏడాది 'ఐ' అనే పాటకు వచ్చాయి, రెండు. 2018లో 'డ్యామ్' ఆల్బంకు సంగీతంలో పులిట్జర్ వచ్చింది. శాస్త్రీయ సంగీతం, జాజ్ కానిదానికి అది రావడం అదే ప్రథమం.

ఇప్పుడు కాంప్టన్‌ను మర్చిపోయాడా?

లేదు. 2024లో డ్రేక్ అనే ఇంకో ర్యాపర్‌తో గొడవ ముదిరాక వచ్చిన 'నాట్ లైక్ అస్' వీడియోలో ఎక్కువ భాగం కాంప్టన్ వీధులే, ఊరి జనమే. ఆ జూన్ 19న ఇంగ్లవుడ్‌లో జరిగిన కచేరీలో వేర్వేరు గ్యాంగుల వాళ్లను ఒకే వేదిక మీద నిలబెట్టి ఫోటో దిగాడు. చిన్నప్పుడు ఆ రంగుల మధ్య దారి చూసుకుంటూ నడిచిన కుర్రాడు అతను.

పిల్లలు వినొచ్చా?

బూతులు, హింస, మత్తు, అన్నీ ఉన్నాయి. చిన్నపిల్లలకు వద్దు. ఇంటర్ వయసు వాళ్లు వింటానంటే, పక్కన కూర్చుని లిరిక్స్ కలిసి చదవండి.

ఇంగ్లీషు అంత వేగంగా అర్థం కావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

నాకూ మొదట ఒక్క ముక్క అర్థం కాలేదు. అక్కడి వీధి భాష మన స్కూలు ఇంగ్లీషు కాదు. ఒక పాట ముందు ఊరికే వినండి, తర్వాత లిరిక్స్ ఎదురుగా పెట్టుకుని వినండి, మూడోసారి కాగితం తీసేయండి. 'గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ'తోనే మొదలుపెట్టండి, వరస మార్చకుండా, షఫుల్ తీసేసి. చివరి పాట 'కాంప్టన్' అయిపోయిందనుకుని ఆపేయకండి. టేపు వెనక్కి తిరుగుతున్న శబ్దం వస్తుంది, ఆ తర్వాత కుర్రాడి గొంతు: అమ్మా, వ్యాన్ తీసుకెళ్తున్నా, పదిహేను నిమిషాల్లో వచ్చేస్తా.